పక్షవాతము: చచ్చు కణములు, బ్రతుకు కణములు

పక్షవాతము అను మాట వినని ఇల్లు మనలో అరుదు. నిన్నటివరకు తన పనులు తాను చక్కబెట్టుకొనుచు తిరిగిన ఇంటి పెద్ద ఒక ఉదయమున చేతిలోని చెంబు జారవిడిచి, మూతి ఒక ప్రక్కకు వంగి, చెప్పదలచిన మాట పలుకలేక చతికిలబడును. ఇంటిల్లిపాదియు చుట్టు చేరుదురు. ఒకరు తైలము తెమ్మందురు. ఒకరు కొంచెముసేపు పడుకోనిండు, తగ్గునందురు. ఆ కొద్దిసేపటిలో ఆ తలలోపల ఏమి జరుగుచున్నదో చుట్టునున్నవారికి కనబడదు. కనబడినచో వారు ఒక్క నిమిషమైనను ఆగరు.

కనబడని ఆ సంగతిని గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి. రక్తము అందనిచో మెదడు చెడునని అందరికిని తెలిసినదే. కాని అన్ని కణములును ఒకే తీరున చెడవు. ప్రక్కప్రక్కనే యుండి, ఒకే కరవునకు లోనై, ఒక జాతి కణములు నశించును. మరియొక జాతి కణములు తట్టుకొని నిలుచును. అంతకంటె వింతయైన సంగతి యొకటి కలదు. నశించు కణములలో అనేకము కేవలము ఆకలిచేత చచ్చుట లేదు. తమకు అందిన పిలుపు మితిమీరుటచేత చచ్చుచున్నవి. ఈ రెండు విషయములును ఎట్లు తెలిసినవో, అవి మన కేమి నేర్పుచున్నవో చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

పెద్దవారి మెదడు రమారమి 1,400 గ్రాములు తూగును. శరీరపు బరువులో ఇది నూటికి 2 పాళ్లు మాత్రమే. కాని మనము విశ్రాంతిగా కూర్చున్న సమయమున శరీరము వినియోగించు ప్రాణవాయువులో నూటికి 20 పాళ్లు ఈ చిన్న అవయవమే ఖర్చుచేయును. ఇంత ఖర్చు గలదైనను దీనికి చెప్పుకొనదగిన నిల్వ లేదు. కాలేయమునకు, కండరములకు కొంత గాదె కలదు. మెదడు రోజుకూలిపై గడచు సంసారమువంటిది. ఏ క్షణమునకు కావలసిన చక్కెరను, ప్రాణవాయువును ఆ క్షణముననే రక్తము తెచ్చి యందింపవలెను. గుండె ఆగి రక్తప్రసారము నిలిచిపోయినచో పది సెకండ్ల ప్రాంతమున మనిషికి స్పృహ తప్పుట ఇందువలననే.

ఆ చక్కెరను, ప్రాణవాయువును కణము నేరుగా వాడుకొనదు. వానిని ఒక నాణెముగా మార్చుకొని, ఆ నాణెముతో సకలవ్యవహారములు నడుపుకొనును. ఆ నాణెమే అడినొసీన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి. ఇచ్చట మన తెలుగువారొకరిని స్మరించుట న్యాయము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేయుచు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వెల్లడించిరి. 1929లో వారిరువురును కండరములనుండి ఏ.టి.పి.ని వేరుచేసి చూపిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని విడిగా కనుగొనెను. ఏ.టి.పి. తగ్గినపుడు తాత్కాలికముగ ఆదుకొను చేబదులువంటిది ఫాస్ఫోక్రియాటిన్. మెదడులోను ఈ రెండును కలవు. అయితే రక్తము పూర్తిగా నిలిచిపోయినచో చేబదులును, నాణెమును కొద్ది నిమిషములలోనే అయిపోవును.

అయిపోయిన తరువాత ఏమగును? మెదడు తన ఆదాయములో పెద్దభాగమును ఒకే పనికి వెచ్చించుచుండును. ప్రతి నాడీకణపు పొరలోను నీరు తోడునట్టి చిన్న యంత్రములు కలవు. అవి సోడియమును వెలుపలికి తోడివేయుచు, పొటాషియమును లోపలికి తెచ్చుచుండును. పల్లపు పొలములో వాననీటిని ఎత్తిపోయు రైతువలె వానికి విరామము లేదు. ఎత్తిపోత నిలిచినచో నీరు చేనిలోనికి తిరిగివచ్చినట్లు, ఏ.టి.పి. నిలిచిన కొద్దిసేపటికి సోడియము కణములోనికి చొరబడును. దాని వెంట నీరును వచ్చును. కణము ఉబ్బును. దాని విద్యుత్ స్థితి తారుమారగును. అపుడు ఆ కణము తన కొనలయందు దాచుకొనిన ఒక పదార్థమును ఒక్కసారిగా వెలుపలికి విడిచివేయును. ఆ పదార్థమే గ్లూటమేట్.

గ్లూటమేట్ అనినచో భయపడవలసిన పని లేదు. అది మాంసకృత్తులలో నుండు సామాన్యమైన పదార్థము. 1908లో జపాను శాస్త్రజ్ఞుడు కికునయె ఇకెడ సముద్రపు నాచుతో కాచిన చారుయొక్క ప్రత్యేకమైన రుచికి ఇదియే కారణమని తేల్చెను. మెదడులో దీని పని వేరు. ఒక నాడీకణము మరియొక నాడీకణమును మేల్కొలుపుటకు పంపు పిలుపులలో ముఖ్యమైనది ఇదియే. మనము చూచుట, వినుట, నేర్చుట, జ్ఞాపకముంచుకొనుట యన్నియు ఈ పిలుపుమీద ఆధారపడి యున్నవి. కణములోపల గ్లూటమేట్ వెలుపలికంటె కొన్ని వేల రెట్లు అధికముగ నుండును. పిలుపు అందించిన వెంటనే దానిని ప్రక్కనున్న పోషకకణములు లోనికి పీల్చి, ఆవరణను శుభ్రము చేయును. ఆ పీల్చుటకును శక్తి కావలెను. శక్తి లేనపుడు పీల్చుట ఆగును. ఒక్కొక్కప్పుడు ఆ ద్వారములు ఎదురు తిరిగి గ్లూటమేట్‌ను వెలుపలికే క్రక్కును. పిలుపు ఆగని కేకయగును.

ఆ కేకకు కణము చచ్చునని శాస్త్రజ్ఞులు ఒక్కనాడు తెలిసికొనలేదు. 1950 తరువాతి సంవత్సరములలో జపానున హయాషి అను శరీరశాస్త్రవేత్త గ్లూటమేట్‌ను మెదడుపై నేరుగా ప్రయోగించి మూర్ఛ కలుగుట చూపెను. 1957లో లూకస్, న్యూహౌస్ అను ఇద్దరు పరిశోధకులు పసి చిట్టెలుకలకు దీనిని సూదిద్వారా ఎక్కించి, వాని కంటి వెనుకనున్న నాడీపొర లోభాగము నశించుటను గమనించిరి. 1969లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున జాన్ ఓల్నీ అను వైద్యుడు అట్టి నష్టము మెదడులోను కలుగునని నిరూపించెను. ఉత్తేజపరచు గుణమును, చంపు గుణమును ఒకటేనని ఆయన ప్రతిపాదించెను. మేల్కొలుపు పదార్థమే మితిమీరినపుడు విషమగునని దాని సారాంశము.

1984లో ఈ సంగతి పక్షవాతముతో ముడిపడినది. ఆ సంవత్సరమున రక్తము అందని ఎలుక మెదడులో గ్లూటమేట్ పెచ్చు పెరుగుట కొలిచి చూపబడినది. అదే సంవత్సరమున లండనులోని మెల్‌డ్రమ్ మున్నగువారు గ్లూటమేట్ తాకి తెరచు ఒక ద్వారమును మందుతో మూసినచో, రక్తము తగ్గినను ఎలుక మెదడు కణములు చాలవరకు బ్రతుకునని చూపిరి. రక్తలోపము ఒకటే చావునకు చాలదు, దాని వెంట వచ్చు కేక చాలవరకు పని పూర్తిచేయుచున్నదని అపుడు స్పష్టమైనది.

కణము ఆ కేకను వినుటకు దాని పొరపై ప్రత్యేకమైన ద్వారములు కలవు. వీనిని గ్రాహకములందురు. వీనిలో రెండు జాతులు మనకు ముఖ్యము. మొదటిది ఆంపా గ్రాహకము. గ్లూటమేట్ తాకగానే అది క్షణములో తెరచుకొని సోడియమును లోనికి విడుచును. రెండవది ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకము. దానికి మెగ్నీషియము గడియవలె అడ్డుపడి యుండును. ఆంపా ద్వారము తెరచుకొని కణము ఉత్తేజితమైనపుడే ఆ గడియ ఊడును. అది ఊడినపుడు లోనికి వచ్చునది కాల్షియము. కొలదిగా వచ్చిన కాల్షియము కణమునకు నేర్పునది, జ్ఞాపకశక్తికి మూలము. వరదగా వచ్చిన కాల్షియము కణమును కూల్చునది. అది మాంసకృత్తులను, క్రొవ్వు పొరలను జీర్ణింపజేయు రసములను నిద్రలేపును. శక్తిని తయారుచేయు మైటోకాండ్రియా అను లోపలి పొయ్యిలను ఆర్పివేయును. కణము తన్ను తానే తినివేసికొనునట్లగును.

ఇంతవరకు చెప్పినది అన్ని కణములకును సామాన్యమైన కథ. ఇక మన ప్రశ్నకు వత్తము. అందరికి ఒకే కేక వినబడినపుడు కొందరు మాత్రమే ఏల చచ్చుచున్నారు?

ఈ ప్రశ్నకు చక్కని నిదర్శనము మెదడు అడుగుభాగమున, కణతల లోతున, రెండు ప్రక్కలను ఉండు ఒక చిన్న అవయవము. గుర్రపు తలవంటి తల గల సముద్రపు చేపను పోలియుండుటచేత దీనికి హిప్పోకాంపస్ అను పేరు కలిగినది. క్రొత్త జ్ఞాపకములను కూర్చిపెట్టుటకు ఇది ప్రధానస్థానము. 1934లో లొరెంతె దె నో అను స్పానిష్ శాస్త్రజ్ఞుడు ఇందలి కణముల వరుసను భాగములుగా విభజించి సి.ఏ. 1, సి.ఏ. 2 మొదలగు పేరులు పెట్టెను. వీనిలో సి.ఏ. 1, సి.ఏ. 3 అను రెండు పేటలను మనము జ్ఞాపకముంచుకొందము. రెండును ఇంచుమించు ఒకే ఆకృతి గల కణములతో నిండినవి. ఒకదాని పిలుపు మరియొకదానికి అందును. వీనిమధ్య దూరము మిల్లిమీటర్లలో లెక్కింపదగినది.

1880లోనే విల్‌హెల్మ్ సోమర్ అను జర్మను వైద్యుడు మూర్ఛరోగుల మెదడులను పరీక్షించి, హిప్పోకాంపస్‌లో ఒక భాగము మాత్రమే ఎండిపోయి, దాని ప్రక్కభాగము నిలిచియుండుటను వ్రాసిపెట్టెను. అట్లు ఎండిన భాగములో ముఖ్యమైనది నేడు మనము సి.ఏ. 1 అనుచున్న పేట. వంద సంవత్సరముల తరువాత, 1982లో, జపానున కిరినో అను పరిశోధకుడు గెర్బిల్ అను ఎడారి ఎలుకల మెదడునకు సరిగా 5 నిమిషములు రక్తము ఆపి మరల విడిచెను. మొదటి దినమున సి.ఏ. 1 కణములు బాగుగనే కనబడినవి. నాలుగవ దినమునకు వానిలో అధికభాగము నశించినవి. సి.ఏ. 3 కణములు నిలిచినవి. చావు వెంటనే కాక దినముల తరువాత వచ్చుట ఇందలి విశేషము. అనగా నడుమ కొంత వ్యవధి కలదన్నమాట.

ఇది ఎలుకల కథయే కాదు. 1978లో అమెరికాలో 52 సంవత్సరముల వయసు గల ఒక పెద్దమనిషికి గుండె శస్త్రచికిత్స అనంతరము మెదడునకు కొంతసేపు రక్తము తగ్గిపోయినది. ఆయన కోలుకొనెను. తెలివి తగ్గలేదు. మాట చెడలేదు. పాత జ్ఞాపకములు చాలవరకు నిలిచినవి. కాని క్రొత్తగా చూచినది, విన్నది మనసున నిలుచుట కష్టమైపోయినది. తరువాత అయిదు సంవత్సరములు ఆయన ఆ స్థితియందే జీవించెను. మరణానంతరము ఆయన మెదడును పరీక్షించినపుడు, రెండు ప్రక్కల హిప్పోకాంపస్‌లలోను సి.ఏ. 1 పేట ఆసాంతము ఖాళీయై కనబడినది. జోలా-మోర్గన్, స్క్వైర్, అమరాల్ అను శాస్త్రజ్ఞులు 1986లో దీనిని ప్రకటించిరి. ఒక్క సన్నని కణపు వరుస పోయినంతమాత్రమున ఒక మనిషి నేటిని రేపటికి మోసికొనిపోవు శక్తిని కోల్పోయెను. ఏ కణము చచ్చునో, ఏది బ్రతుకునో అను ప్రశ్న పండితుల వినోదము కాదని ఈ ఉదాహరణము చాటుచున్నది.

ఇక సి.ఏ. 3 రహస్యము. 2011లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఎలుక హిప్పోకాంపస్ కణములకు ప్రాణవాయువును, చక్కెరను ఆపి చూచిరి. కరవు మొదలుకాగానే సి.ఏ. 3 కణములు తమ పొరపై నున్న ఆంపా గ్రాహకములను కొన్నిటిని లోనికి లాగుకొనినవి. అనగా వీధివైపు తలుపులను తామే తీసి ఇంటిలోపల పెట్టుకొనినవి. కేక బయట అట్లే యున్నను, లోపలికి వచ్చునది తగ్గినది. ఆంపా ద్వారము తెరచుకొననిచో రెండవ ద్వారపు గడియ ఊడుటయు కష్టమగును.

ఈ తలుపులు తీయుమని కణమునకు చెప్పినది ఎవరు? రెండు సంకేతములు కలసివచ్చినపుడే ఇది జరుగుచున్నదని వారు కనుగొనిరి. ఒకటి గ్లూటమేట్ తాకు మరియొక రకపు గ్రాహకము. రెండవది అడినొసీన్ తాకు గ్రాహకము. ఈ అడినొసీన్ ఎచ్చటనుండి వచ్చినది? ఏ.టి.పి. ఖర్చైపోగా మిగులు పదార్థమే అడినొసీన్. సుబ్బారావు గారు చూపిన ఆ ఇంధనము కాలిపోయిన తరువాతి బూడిదయే కణమునకు హెచ్చరికయగుచున్నది. కేక హెచ్చినది, ఇంధనము తగ్గినది అను రెండు వార్తలును ఒకేసారి అందినపుడు సి.ఏ. 3 కణము జాగ్రత్తపడుచున్నది.

సి.ఏ. 1 కణములు దీనికి విరుద్ధముగ ప్రవర్తించును. ఆంపా గ్రాహకములో గ్లూఏ2 అను ఒక భాగము కలదు. అది యున్నంతకాలము ఆ ద్వారమున కాల్షియము దూరలేదు. కాపలావానివంటిది. న్యూయార్కులోని పరిశోధకులు 1992 మొదలుగా ప్రకటించిన పనులలో, రక్తలోపమునకు గురియైన సి.ఏ. 1 కణములు చచ్చుటకు ముందు ఈ కాపలావాని తయారీని తగ్గించుచున్నవని చూపిరి. అపుడు సోడియమునకు మాత్రమే తెరచుకొనవలసిన ద్వారమున కాల్షియమును లోనికి వచ్చును. ఒకడు ఆపత్కాలమున తలుపు మూయుచుండగా, వాని పొరుగువాడు కాపలావానిని సెలవుపై పంపుచున్నట్లున్నది.

తలుపులు మూయుటతో మాత్రమే ఇల్లు నిలువదు. లోపలి చెత్తను కూడ ఎత్తవలెను. 2013లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు పరిశోధకులు, రక్తలోపము తరువాత సి.ఏ. 3 కణములు హమార్టిన్ అను ఒక మాంసకృత్తును హెచ్చుగ తయారుచేయుచున్నవని, సి.ఏ. 1 కణములు అట్లు చేయుట లేదని ప్రకటించిరి. హమార్టిన్‌ను తగ్గించినపుడు సి.ఏ. 3 కణములును సులభముగ నశించినవి. దానిని హెచ్చించినపుడు, కణములకు ఓర్పు పెరిగినది. కణము తనలో పాడైన భాగములను తానే విరిచి, కరగించి, తిరిగి ఇంధనముగ వాడుకొను ఒక పద్ధతి కలదు. దానిని స్వభక్షణమందురు. హమార్టిన్ ఆ పద్ధతిని నడిపించును. కరవురోజులలో విరిగిన కొయ్యసామానును పొయ్యిలో పెట్టుకొని అన్నము వండుకొను గృహిణివంటిది ఈ కణము.

అయినచో సి.ఏ. 3 కణములు స్వభావముచేత బలమైనవనియు, సి.ఏ. 1 కణములు బలహీనములనియు తీర్మానింపవచ్చునా? వీలులేదు. జపాను తీరమున దొరకు ఒక ఎర్రని సముద్రపు నాచునుండి కైనిక్ ఆమ్లము అను పదార్థము లభించును. అది గ్లూటమేట్‌ను పోలి కణములను ఉత్తేజపరచును. దానిని ఎలుకల కెక్కించినపుడు మొట్టమొదట కూలునవి సి.ఏ. 3 కణములే! ఆ పదార్థమునకు తగిన గ్రాహకములు వానియందు దట్టముగ నుండుటయే అందులకు ముఖ్యకారణము. అట్లే 1986లో డెన్నిస్ చాయ్, ఆయన సహచరులు కణములను పాత్రలలో పెంచుచు, ఒక చిన్న జాతి నాడీకణములు ఎన్.ఎమ్.డి.ఏ. ద్వారముద్వారా వచ్చు విషమునకు చలింపక నిలుచుట చూచిరి. ఆ కణములే కైనిక్ ఆమ్లము వంటి పదార్థములకు ఇతర కణములకంటె త్వరగా లొంగినవి. కాగా ఓర్పు కణపు కులములో లేదు. ఏ ఆపద, ఏ తలుపున వచ్చినదో, ఆ తలుపు ఆ కణమునకు కలదో లేదో అనుదానిపై నున్నది.

అంతేకాదు, ఓర్పు నేర్వదగినది కూడను. 1990లో జపానులోని కితగావ మున్నగువారు ఎడారి ఎలుకల మెదడునకు ముందుగా 2 నిమిషములు మాత్రము రక్తము ఆపిరి. ఆ స్వల్పమైన కరవు కణములను చంపలేదు. కొన్ని దినముల తరువాత మామూలుగా ప్రాణాంతకమగు 5 నిమిషముల కరవు వచ్చినపుడు ఆ సి.ఏ. 1 కణములే బ్రతికినవి. ఇచ్చట శ్రోతలు ఒక పొరపాటు పడరాదు. మనుష్యులలో కొద్ది నిమిషములు చేయి తిమ్మిరెక్కి, మాట తడబడి, తిరిగి సర్దుకొను తాత్కాలికపు పోటు మెదడునకు వ్యాయామము కాదు. అది పెద్ద పోటు రానున్నదను హెచ్చరిక. అట్టిది కలిగినవారు తగ్గినదిగదా యని ఊరకుండక ఆ దినమే వైద్యుని చూడవలెను.

ఇంత తెలిసినపుడు ఆ కేకను అణచు మందు ఏది అని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఎలుకలలో జయము కలిగిన పిమ్మట 1990 తరువాతి దశకమున గ్లూటమేట్ ద్వారములను మూయు మందులు అనేకము పక్షవాతరోగులపై పరీక్షింపబడినవి. ఒకటియు ఫలింపలేదు. కొన్ని మందులతో హాని సంభవించుచున్నదను అనుమానముచేత పరీక్షలను నడుమనే ఆపివేసిరి. 2020లో నెరినెటైడ్ అను మందును గూర్చి వెలువడిన పెద్ద పరీక్షయు మొత్తముమీద మేలు చూపలేకపోయినది.

కారణములు రెండుగ కనబడుచున్నవి. మొదటిది కాలము. ఎలుకకు మందు పోటుకు ముందో, వెంటనేయో ఇచ్చిరి. మనిషి ఆస్పత్రికి చేరుసరికి గంటలు గడచును. కేక అప్పటికే తన పని చాలవరకు ముగించియుండును. రెండవది మరింత లోతైనది. గ్లూటమేట్ పిలుపు శత్రువు కాదు. 2002లో హార్డింగ్‌హామ్, బాడింగ్ మున్నగువారు, రెండు కణములు కలియు సంధిలోనున్న ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకములు కణమును బ్రతికించు ఆజ్ఞలను పంపుచుండగా, సంధికి వెలుపల నున్నవి చావువైపు త్రోయుచున్నవని చూపిరి. అన్ని తలుపులను ఒక్కటే తాళముతో బిగించినచో చంపు కేకతోపాటు బ్రతికించు మాటయు ఆగిపోవును. సి.ఏ. 3 కణము ఆ పొరపాటు చేయుట లేదు. అది చెవులు పూర్తిగా మూసికొనదు. తగినంతమేరకు, తగిన సమయమున, కొన్ని తలుపులను మాత్రము లోనికి తీసికొనును. ప్రకృతి చూపిన ఈ మితమును అనుకరించు మందునకై అన్వేషణ సాగుచున్నది.

అందాక మన చేతిలో నున్నదేమి? మూసుకొనిన రక్తనాళము తెరపించుట. పోటు తగిలిన తావున నడిమిభాగమునకు రక్తము ఇంచుమించు పూర్తిగా నిలిచియుండును. అచ్చట ఏ జాతి కణమును ఎక్కువసేపు తట్టుకొనలేదు. కాని గ్రహణమునాడు గాఢమైన నీడ చుట్టు పలుచని నీడ యుండునట్లు, ఆ నడిమిభాగము చుట్టును ప్రక్కనాళములనుండి కొద్దిగ రక్తము అందుచున్న ప్రదేశమొకటి కలదు. అందలి కణములు పనిచేయుట మానినవి, కాని చావలేదు. తలుపులు దగ్గరకు వేసికొని, ఉన్న సామానుతో పొయ్యి వెలిగించుకొనుచు, రక్తముకొరకు ఎదురుచూచుచున్నవి. మనము ఇంతసేపు చెప్పుకొనిన ఓర్పునకు విలువ కలుగునది ఆ ప్రదేశముననే. ఆ ఓర్పునకు మేర కలదు. పెద్ద నాళము మూసుకొనిన పక్షవాతములో చికిత్స లేనిచో సగటున నిమిషమునకు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో సేవర్ అను అమెరికను వైద్యుడు లెక్కకట్టెను.

గడ్డకట్టిన రక్తమును కరగించు మందు మొదటి 3 గంటలలో ఇచ్చినచో మేలు కలుగునని 1995లోను, 4½ గంటలవరకు మేలు కలుగునని 2008లోను రుజువైనది. పెద్ద నాళములోని గడ్డను సన్నని గొట్టముద్వారా లాగివేయు పద్ధతి 2015లో స్థిరపడినది. ఎంచిన కొందరు రోగులలో 24 గంటలవరకు అది ఉపకరించునని 2018లో తేలినది. అయితే గంటలు గడచినకొలది దక్కునది తగ్గును. కావున ముఖము ఒక ప్రక్కకు వంగినను, రెండు చేతులు చాచినపుడు ఒకటి క్రిందికి వాలినను, మాట ముద్దగ వచ్చినను, తైలము వెదకుచు కూర్చుండరాదు. తెల్లవారనిమ్మని అనరాదు. మ్రింగుట చెడియుండవచ్చును గనుక నీరైనను పోయరాదు. నాళము మూసుకొనినదో పగిలినదో మెదడు చిత్రము తీయనిదే తెలియదు గనుక ఇంటిలోనున్న మాత్ర ఏదియు వేయరాదు. తెలుగునాట 108కి ఫోను చేసి, మెదడు చిత్రము తీయు సౌకర్యముగల ఆస్పత్రికి చేర్పవలెను. ఆ మనిషి చివరిసారి బాగుగ కనబడిన వేళ ఎప్పుడో గడియారము చూచి గుర్తుంచుకొని వైద్యునికి చెప్పవలెను. చికిత్సను నిర్ణయించుటకు వైద్యుడు మొట్టమొదట అడుగు ప్రశ్నలలో అది యొకటి.

మెదడులోని కొన్ని కణములు ఆపత్కాలమున ఎట్లు నిలుచునో శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా శ్రమించి కొంత తెలిసికొనిరి. ఆ కణములు తమ వంతు పనిని ఎవరును చెప్పకయే చేయుచున్నవి. తమకు సాధ్యమైనంతసేపు నిలిచి మనకు వ్యవధి నిచ్చుచున్నవి. ఆ వ్యవధిని వాడుకొనుట ఇంటిలోని వారి వంతు.